అదే చూసుకుంటది

అమ్మకు కింది దవడలో పన్ను నొప్పి మొదలై వారం దాటింది. లవంగం పెట్టుకుంది, ఉప్పునీళ్ళు పుక్కిలించింది, చివరికి నేను శనివారం ఊరికి వచ్చేదాకా ఆగింది. మా రఘునాథపల్లి నుంచి హైవే మీద ఇటు పోతే జనగామ, అటు పోతే హన్మకొండ. అటు పోయాం. డాక్టరమ్మ నోట్లో అద్దం పెట్టి చూసి, "ఓపీజీ తీయించండి, మొత్తం ఒకసారి చూద్దాం" అంది.

పక్కగదిలో మెషీన్. గడ్డం ఆనించడానికి చిన్న మెట్టు, పళ్ళ మధ్య పెట్టుకోవడానికి ప్లాస్టిక్ పుల్ల, తల చుట్టూ తిరిగే చేయి. బయట కంప్యూటర్ తెర మీద మనుషుల బొమ్మలు వరసగా ఉన్నాయి: ఒక పిల్లాడు, ఒక సన్నపాటి మనిషి, ఒక మామూలు మనిషి, ఒక లావుపాటి మనిషి. వాటి పక్కన ఇంకో బటన్. మెషీన్ దగ్గరున్న కుర్రాడికి ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. అమ్మ తలను రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా సర్దాడు. "అమ్మా, కదలకుండ్రి, మింగకుండ్రి" అని చెప్పి బయటికి వచ్చాడు.

"ఏ బొమ్మ నొక్కుతున్నవ్ తమ్మీ?" అనడిగాను.

"అవేం నొక్కనన్నా. ఆటోల పెడ్త. అదే చూసుకుంటది."

చేయి అమ్మ తల చుట్టూ పదిహేను సెకన్లు తిరిగింది. తెర మీద దవడ మొత్తం ఒక పొడవాటి నవ్వులా పరుచుకుంది. వంక పెట్టడానికి లేని బొమ్మ. ఎక్కడా మరీ తెలుపు లేదు, మరీ నలుపు లేదు.

నేను బతుకుతెరువుకి కోడ్ రాస్తాను. ఎవరైనా 'అదే చూసుకుంటది' అంటే నాకు చప్పున వచ్చే అనుమానం ఒకటే: ఎప్పుడు ఆగాలో దానికి ఎవరు చెప్పారు? ఎక్కడో ఒక 'ఇఫ్' ఉంటుంది, ఆ 'ఇఫ్'లో ఒక అంకె ఉంటుంది, ఆ అంకెను ఎవరో ఒకరు ఎవర్నో ఒకర్ని మనసులో పెట్టుకుని రాసి ఉంటారు. ఆ రాత్రి ఇంటికొచ్చాక చదవడం మొదలుపెట్టాను. పంటి ఎక్స్‌రే గురించి అనుకుని మొదలుపెడితే అది పొదిలికీ నల్లగొండకీ పోయి తేలింది.

రాంట్‌జెన్ ఎక్స్‌కిరణాలను చూసింది 1895 నవంబర్‌లో. ఆ సంగతి బయటికొచ్చిన రెండు వారాలకే, 1896 జనవరిలో, జర్మనీలో ఓట్టో వాల్కాఫ్ అనే దంతవైద్యుడు ఒక గాజు పలకను నల్లకాగితంలో చుట్టి తన నోట్లోనే పెట్టుకున్నాడు. ఎక్స్‌పోజర్ 25 నిమిషాలు. కదలకుండా, మింగకుండా 25 నిమిషాలు! ఎంతసేపు వెలుగు పడాలన్నది అప్పటికి ఎవరికీ తెలియదు. పడినంత పడనీ అన్నదే లెక్క.

తెలియనప్పుడు మనిషి తన ఒంటినే కొలబద్ద చేసుకుంటాడు. అమెరికాలో న్యూ ఆర్లీన్స్ దంతవైద్యుడు ఎడ్మండ్ కెల్స్ కథ అదే. అప్పటి ట్యూబులు ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండేవి కావు. లోపలి గ్యాసు తగ్గేకొద్దీ కిరణాల పదును మారేది. అందుకని పేషెంటు ఫొటో తీసేముందు 'ట్యూబ్ సెట్ చేయడం' అనే తతంగం ఉండేది. ఫ్లోరోస్కోప్ ముందు తన చేయి పెట్టి, ఎముకలు తేటగా కనిపించేదాకా ట్యూబును సవరించేవాడు. చేయి బాగా కనిపిస్తే పన్నూ బాగా వస్తుంది. రోజూ, పేషెంటు తర్వాత పేషెంటుకి, ఏళ్ళ తరబడి అదే పని. ముందు వేళ్ళు పోయాయి, తర్వాత చేయి, చివరికి భుజం దాకా. వరస ఆపరేషన్ల తర్వాత 1928లో ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు.

చరిత్ర పుస్తకాలు కెల్స్‌ని 'ఎక్స్‌రే అమరుడు' అంటాయి. నాకు ఆ మాట కంటే ఆ పనిముట్టు సంగతే మనసులో ఉండిపోయింది. లోకంలో మొట్టమొదటి ఎక్స్‌పోజర్ మీటర్ ఒక మనిషి ఎడమచేయి.

అదే రోజుల్లో బోస్టన్‌లో విలియం రోలిన్స్ అని ఇంకో దంతవైద్యుడు ఉన్నాడు. తన చేయి కాలాక, 1901లో గినీ పందుల మీద ప్రయోగం చేసి, పైకి కాలిన గాయం కనిపించకపోయినా ఎక్స్‌కిరణాలు చంపగలవని రాశాడు. ట్యూబు చుట్టూ సీసం తొడుగు ఉండాలనీ, అవసరమైన చోటే కిరణం పడాలనీ చెప్పాడు. చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. మామూలే.

తర్వాత వచ్చిన ఏర్పాటు టైమర్. ఎంతసేపు అన్నది ముందే నిర్ణయించుకుని గడియారాన్ని తిప్పి వదలడం. ముందు పళ్ళకి ఇంత, దవడ పళ్ళకి ఇంత, పిల్లలకి సగం అని గోడ మీద ఒక పట్టిక. ఇది ప్రెషర్ కుక్కర్ లెక్క: కొత్త బియ్యానికి రెండు విజిళ్ళు, పాత బియ్యానికి మూడు. మూత తీసేదాకా లోపల ఏమైందో తెలియదు. అనుభవమున్న చేయి అయితే తప్పు పోదు. కొత్త చేయి అయితే మళ్ళీ తీయాలి. ఎక్స్‌రేలో మళ్ళీ తీయడమంటే అదే ఒంటికి ఇంకో మోతాదు.

ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ అలా కాదు. దానికి బియ్యం సంగతి ఏమీ తెలియదు, గిన్నె అడుగు ఎంత వేడిగా ఉందన్నదొక్కటే తెలుసు. నీళ్ళు ఉన్నంతసేపు వేడి ఒకచోట నిలకడగా ఉంటుంది, నీళ్ళు ఇగిరాక ఎగబాకుతుంది, అప్పుడు టక్కున స్విచ్ పడిపోతుంది. సోలెడు పోసినా శేరు పోసినా టైము మనం చెప్పక్కర్లేదు.

ఎక్స్‌రేలో ఈ రైస్ కుక్కర్‌ని తయారుచేసినవాడు రసెల్ మోర్గన్. చికాగో యూనివర్సిటీలో ఉండగా 1942లో ఆ పరికరం గురించి ప్రచురించాడు. సూత్రం నేను రెండో సంవత్సరం ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో చేసిన ప్రయోగాలకి దూరమేమీ కాదు. ఒళ్ళు దాటి వచ్చిన కిరణాలు ఒక తెర మీద పడి వెలుగవుతాయి. ఆ వెలుగును ఫొటోట్యూబ్ చూస్తుంది, చూసినకొద్దీ చిన్న కరెంటు పుడుతుంది, ఆ కరెంటు ఒక కెపాసిటర్‌ని నింపుతుంది. కెపాసిటర్ ఒక మట్టానికి నిండగానే రిలే తెగి ఎక్స్‌రే ఆగిపోతుంది. లావుపాటి మనిషి అయితే కుండ నెమ్మదిగా నిండుతుంది, బక్కమనిషి అయితే తొందరగా నిండుతుంది. మనిషెవరైనా ఫిల్ము మీద నలుపు మాత్రం ఒకటే.

ఇది అప్పుడే ఎందుకు కావాల్సివచ్చిందంటే, క్షయ. వేలమందిని వరసలో నిలబెట్టి, ఛాతీని చిన్న ఫిల్ముల మీద ఫొటో తీసే సామూహిక సర్వేలు అప్పుడే ఊపందుకున్నాయి. ఒక్కొక్కరి ఛాతీ మందం కొలిచి పట్టిక చూసి టైమర్ తిప్పుతూ కూర్చుంటే వరస కదలదు. అలాంటి చిన్న ఫిల్ముల సర్వేలు మన దగ్గరికీ వచ్చాయి. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానటోరియం వాళ్ళు 1950 నుంచి చుట్టుపక్కల పల్లెలు తిరిగి ఛాతీ ఫొటోలు తీశారు. 1955-58 మధ్య ఐసీఎంఆర్ దేశమంతటా చేసిన క్షయ సర్వేలో మదనపల్లె, హైదరాబాద్ రెండూ కేంద్రాలే. అప్పుడు ఐసీఎంఆర్‌కి డైరెక్టర్ సి.జి. పండిట్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, ఇంకో సందర్భంలో మళ్ళీ వస్తుంది.

ఛాతీకి 1942లో వచ్చిన ఈ సౌకర్యం పంటికి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. కారణం ఏ సిద్ధాంతమూ కాదు, నోట్లో చోటు లేకపోవడం. ఛాతీకైతే ఫిల్ము వెనకో ముందో మీటర్ పెట్టొచ్చు. పంటి ఫిల్ము అగ్గిపెట్టెంత, అది నాలుకకీ చిగురుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. దాని వెనక ఫొటోట్యూబ్ పెట్టమంటే ఎవరి నోరు ఒప్పుకుంటుంది? అందుకే పంటి డాక్టర్ల దగ్గర టైమర్, గోడ పట్టిక అలాగే ఉండిపోయాయి. మోతాదు తగ్గిందంటే ఎక్కువగా ఫిల్ముల చురుకు పెరగడం వల్ల తగ్గింది.

దారి వేరేవైపు నుంచి తెరుచుకుంది. ఫిన్లాండ్‌లో యూర్యో పాతెరో అనే దంతవైద్యుడు ఫిల్మును నోట్లోంచి బయటికి తీసి, ట్యూబునూ ఫిల్మునూ తల చుట్టూ తిప్పాడు. 1940ల చివర్లో మొదలైన ఆ పని 1960ల మొదట్లో ఆర్థోపాంటోమోగ్రాఫ్ అనే మెషీన్‌గా అమ్మకానికి వచ్చింది. మనం ఇవాళ ఏ కంపెనీ మెషీన్ అయినా 'ఓపీజీ' అనే అంటాం, వనస్పతి ఏదైనా డాల్డా అన్నట్టు. (పంటి డిజిటల్ సెన్సర్‌ని 'ఆర్‌వీజీ' అనడమూ అంతే. ఫ్రాన్స్‌లో ఫ్రాన్సిస్ ముయాఁ చేసిన సెన్సర్‌కి 1987లో ఒక కంపెనీ పెట్టుకున్న పేరది.) ఫిల్ము బయటికొచ్చాక మీటర్‌కి చోటు దొరికింది. తిరగడం మొదలైన కాసేపట్లోనే దవడ వెనకభాగం ఎంత కిరణాన్ని ఆపుతోందో చూసి, మిగతా ప్రయాణానికి ఎంత శక్తి కావాలో సవరించుకునే మెషీన్లు వచ్చాయి. మెడ వెన్నెముక అడ్డొచ్చే ముందుపళ్ళ దగ్గర కొంచెం పెంచుకుంటాయి కూడా. హన్మకొండ కుర్రాడు వదిలేసింది ఆ పనే.

అమ్మ వైపు నుంచి చూస్తే 'ఆటో' మంచిదే. ఆమె బరువు 45 కిలోలు దాటదు. వరసలో ఉన్న 'మామూలు మనిషి' బొమ్మ నొక్కి ఉంటే ఆమెకు అక్కర్లేని మోతాదు పడేది. ఆ మామూలు మనిషి ఎవరో నాకు తెలియదు కానీ మా అమ్మ మాత్రం కాదు. మీటర్ కనీసం ఆమెను చూసి ఆగింది. పాతకాలపు డాక్టరు చేతిపుణ్యం గురించి మనం ఊరికే కలవరించనక్కర్లేదు, కెల్స్ చేయి గుర్తుచేసుకుంటే చాలు.

అయినా నాకు తెగనిది ఒకటుంది. దానికి పొదిలి దాకా పోవాలి.

1930ల్లో నెల్లూరు జిల్లాలో పొదిలి, ఆ చుట్టుపక్కల (తర్వాత ప్రకాశం జిల్లాలో చేరాయి) పల్లెల్లో మెడ తిప్పలేని, నడుం వంచలేని మనుషులు కనిపించేవారు. పశువులూ అంతే. హైదరాబాద్ రాజ్యంలో పశువైద్యులు అంతకుముందే ఎడ్లలో ఈ జబ్బును గమనించారు. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి హెచ్.ఇ. షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి ఇది నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బని 1937లో రాశారు. మన దేశంలో మనుషుల ఫ్లోరోసిస్ గురించి తొలి కాగితం అదే. పండిట్ అంటే పైన చెప్పిన పండిటే. షార్ట్ తర్వాత ఇంగ్లండ్ వెళ్ళి, మలేరియా క్రిమి రక్తంలోకి రాకముందు కాలేయంలో దాక్కుంటుందని 1948లో గార్నమ్‌తో కలిసి పట్టుకున్నాడు. దాక్కున్నవాటిని బయటికి లాగడం ఆయన వృత్తిలా ఉంది.

అదే ఏడాది షార్ట్ ఇంకో వ్యాసంలోనూ ఉన్నాడు. దానిలో సహరచయిత టి.డబ్ల్యూ. బర్నార్డ్, మద్రాసులో ఇప్పటికీ ఆయన పేరుతో ఉన్న రేడియాలజీ ఇన్‌స్టిట్యూట్‌కి మూలపురుషుడు. అంటే ఈ జబ్బు కథలో ఎక్స్‌రే మొదటి రోజు నుంచీ ఉంది. ఫ్లోరైడ్ ముదిరిన ఎముక ఫిల్ము మీద సుద్దలా తెల్లగా కనిపిస్తుంది. వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండాల్సిన కట్లు కూడా గట్టిపడి వెన్ను మొత్తం ఒకే కర్రలా అవుతుంది. 1955లో ఎ.హెచ్. సిద్దిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి రాశాడు. ఆ జిల్లాలోనే ఉండేది మా జనగామ తాలూకా, 1950ల మొదట్లో వరంగల్లో కలిపేదాకా.

ఇప్పుడు ఇంజనీరు ప్రశ్న. తెల్లగా ఉన్న ఫిల్ము రెండు కారణాల వల్ల రావచ్చు. ఎముక దట్టంగా ఉండి ఉండాలి, లేదా వెలుగు తక్కువ పడి ఉండాలి. బర్నార్డ్ కాలంలో టైమరే దిక్కు కాబట్టి, అందరికీ ఒకే పట్టిక వాడినప్పుడు ఒకరి ఫిల్ము మాత్రం తెల్లగా వస్తే, 'మళ్ళీ తీయండి' అనే ముందు 'ఈ మనిషిలో ఏదో ఉంది' అని ఆగే అవకాశం ఉంది. తప్పులా కనిపించేదే సమాచారం. ఆటోమేటిక్ మీటర్ ముందు అదే మనిషిని నిలబెడితే ఏమవుతుంది? కుండ నెమ్మదిగా నిండుతుంది, మీటర్ ఓపిగ్గా ఇంకొంతసేపు కిరణాల్ని పోనిస్తుంది, చివరికి అందరి ఫిల్ములాగే చక్కటి ఫిల్ము వస్తుంది. గట్టిపడిన కట్లు దాగవు, ఎముకకీ కండకీ తేడా దాగదు, చూసే కన్నుకు జబ్బు దొరుకుతుంది. పోయేది ఆ మొదటి ఉలికిపాటు.

కానీ ఆ సమాచారం ఎక్కడికీ పోలేదు, బొమ్మలోంచి అంకెలోకి మారింది, అంతే. ఎంతసేపు పట్టింది, ఎంత కరెంటు పోయింది అన్న అంకె ఎక్స్‌రే అయ్యాక చాలా మెషీన్ల తెర మీద కనిపిస్తుంది. నిజానికి మీటర్ ఆ మనిషిని కొలిచింది. ఆ కొలతను తర్వాత ఎవరూ చదవరు.

ఈ సంగతి తోచిన రాత్రి అమ్మ ఓపీజీ ఫైల్ తెరిచి చూశాను. వైద్య బొమ్మలకు వాడే ఫార్మాట్‌లో బొమ్మతోపాటు ఇలాంటి అంకెలకూ గదులుంటాయి. మాకు వాట్సాప్‌లో వచ్చింది ఒట్టి జేపెగ్. ఏ గదీ లేదు. పైగా డిజిటల్ అయ్యాక ఇంకో పొర చేరింది. ఫిల్ము రోజుల్లో మోతాదు ఎక్కువైతే నల్లబడి దొరికిపోయేది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ దాన్ని సరిచేసి చూపిస్తుంది, ఎక్కువ పడితే బొమ్మ ఇంకా నునుపుగా వస్తుంది. మోతాదు మెల్లమెల్లగా పైకి పాకినా చూసేవాడికి సంతోషమే తప్ప అనుమానం రాదు. ఇలాంటి సవరించే కోడ్ నేనూ రాశాను, వేరే రకం బొమ్మలకి. వెలుగు ఎగుడుదిగుళ్ళు సరిచేసి 'యూజర్‌కి క్లీన్‌గా కనబడాలి' అన్న టికెట్ మూసేసి ఇంటికెళ్ళిపోయాను. సరిచేయకముందు ఎలా ఉందో ఎక్కడా దాచలేదు. ఎవరూ అడగలేదు కూడా.

అసలు మీటర్‌కి ఆ మట్టం ఎవరు చెప్పారన్నది కదా నా మొదటి అనుమానం. జవాబు కొంచెం నిరుత్సాహంగా ఉంటుంది. ఇలాంటి మీటర్లను అక్రిలిక్ దిమ్మలు, అల్యూమినియం రేకుల లాంటివి ముందుపెట్టి సరిచూస్తారు. దిమ్మ మందం మార్చినా నలుపు మారకూడదు, అదీ పరీక్ష. అక్రిలిక్ దిమ్మ ఏ బావి నీళ్ళూ తాగదు.

హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్‌లో రాసింది చదివినప్పుడు ఈ సగటు మీద నమ్మకం ఇంకాస్త సడలింది. ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో మోకాళ్ళు లోపలికి వంగిపోయిన పిల్లలూ కుర్రవాళ్ళూ. వాళ్ళ వెన్నెముక దట్టం, కాళ్ళ ఎముకలు బోలు. ఒకే ఒంట్లో రెండూ. అలాంటి ఒంటికి ఏది సగటు?

పళ్ళ సంగతి వేరు. నిజానికి గార పళ్ళను చూడ్డానికి ఎక్స్‌రే అక్కర్లేదు, నవ్వితే చాలు. అమెరికాలో ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు కొలరాడోలో ఈ గోధుమరంగు మరకల వెంట 1901 నుంచి పడ్డాడు. కారణం ఫ్లోరైడ్ అని 1931లో గానీ తేలలేదు. అందులో నన్ను పట్టుకున్న సంగతి, ఈ మరక పన్ను వచ్చాక పడేది కాదు. చిగురు లోపల పన్ను తయారయ్యే చిన్నప్పటి ఏళ్ళలోనే, ఇంచుమించు ఎనిమిదేళ్ళ లోపే, ఎనామిల్‌లో పడిపోతుంది. ఆ తర్వాత ఎన్ని మంచినీళ్ళు తాగినా పోదు, ఎన్ని చెడ్డనీళ్ళు తాగినా పన్ను మీద కొత్తగా చేరదు. ఫిల్ము కడిగేసి ఆరేసినట్టే. ఫ్లోరైడ్ విషయంలోనూ డాక్టర్లు వాడే మాట ఎక్స్‌పోజరే.

అమ్మ ముందుపళ్ళ మీద గోధుమరంగు అడ్డగీతలున్నాయి. మాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్నాయి. ఫొటో తీసేటప్పుడు పెదాలు మూసుకుంటుంది. పెళ్ళి ఫొటోలోనూ మూసుకునే ఉంది. రఘునాథపల్లికి కోడలిగా వచ్చేనాటికి ఆ గీతలు ఎప్పుడో పడి ఆరిపోయి ఉన్నాయి. మరి ఏ నీళ్ళు?

"మునుగోడు దిక్కు మా అమ్మమ్మోల్ల ఊర్ల పెరిగిన గదా బిడ్డా. నన్ను ఆడనే ఉంచిండ్రు, బడికి వొయ్యెదాంక" అంది. "చేదబాయి ఉండె. నీళ్ళు మస్తు తియ్యగ ఉండేటియి. ఊరోల్లందరివీ గిసుంటి పండ్లే. ఎవలు ఎవల్ని నవ్వలే. ఈడికొచ్చినంకనే..."

ఆపేసి, పన్ను పీకుతరా, పీకకుండ్ర చేస్తరా అని డాక్టరమ్మ ఏమందో మళ్ళీ చెప్పమంది. రూట్ కెనాల్ సరిపోతుందట. దానికి ముందు ఇంకో చిన్న ఎక్స్‌రే, ఆ ఒక్క పంటికే. బుధవారం రమ్మన్నారు. ఈసారి బొమ్మతోపాటు ఆ అంకెలు కూడా రాసివ్వమని కుర్రాడిని అడిగాను. విచిత్రంగా చూసి, "అవెందుకన్నా?" అంటూనే ఒక చీటీ మీద రాసిచ్చాడు. 60 కిలోవోల్టులు, 7 మిల్లీఆంపియర్లు, 0.2 సెకన్లు. అమ్మ మందుల చీటీతోపాటే బీరువాలో ఉంది.